ఇరవైనాలుగు ప్యంగ్‌ల ఇంట్లో ఎనభై అయిదు లెన్సు

దక్షిణ కొరియాలో మా దేగు ఊరి బజార్లో ముప్ఫై ఏళ్లుగా పాత లెన్సులు అమ్ముతున్నాను. మొండివాళ్లను బోలెడుమందిని చూశాను గానీ, ప్యో పెద్దాయన లాంటి మొండిఘటాన్ని మాత్రం చూళ్లేదు.

"మా ఆవిడకి దీర్ఘాయువు ఫోటో తియ్యాలమ్మా," అన్నాడు వస్తూనే. అంటే రేపు పోయాక పువ్వుల మధ్య పెట్టే ఫోటో. బతికుండగా తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందని మా నమ్మకం. "వాళ్లమ్మ పోయినప్పుడు గుర్తింపు కార్డు ఫోటోనే పెద్దది చేసి పెట్టారు. కన్న కూతురే పోల్చుకోలేకపోయింది. నన్నలా చెయ్యకయ్యా అని ఒకటే గొడవ. మోకాలి ఆపరేషనయ్యాక రెండు నెలలుగా గడప దాటదు, ఇక స్టూడియో ఎక్కడ? ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు ఇవ్వు. మొహాలకి అదే మంచిదట."

"మంచిదే. కానీ ఆరేడంగలు వెనక్కి జరగడానికి చోటుండాలి, పెద్దాయనా. యాభై తీసుకోండి, దగ్గర్నుంచి కూడా తియ్యొచ్చు."

"మాది ఇరవైనాలుగు ప్యంగ్‌ల ఇల్లు! గుర్రప్పందేలు పెట్టుకోవచ్చు." ప్యంగ్ అంటే మా దగ్గర ఇళ్ల కొలత; ఒక్కోటి ముప్ఫై అయిదు చదరపు అడుగుల పైమాటే.

మూడో రోజున లెన్సు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ముక్కూ కళ్లజోడూ తప్ప ఇంకేం రావట్లేదు. పాడైపోయిన సరుకు అంటగట్టావు!"

నాకు ఒళ్లు మండింది. కొట్టు షట్టరు దించేసి, ఆ లెన్సుతోబాటు యాభై కూడా సంచిలో వేసుకుని ఆయన వెంటే బయల్దేరాను.

వాళ్ల హాలు నిండా సోఫా, కిమ్చి పచ్చడి దాచే ఫ్రిజ్జు, ఒళ్లు పిసికే కుర్చీ. గుర్రం కాదు కదా, పిల్లి కూడా తిరగలేదక్కడ. ఆయన భార్య మాల్‌సుక్ పెద్దమ్మ గులాబీరంగు పండగ దుస్తులు, హన్‌బోక్, వేసుకుని సోఫాలో కూర్చుంది. యాభైతో నేనే తీశాను. నడుం దాకా చక్కగా వచ్చింది. మొహం మాత్రం బిగుసుకుపోయింది.

"ఇద్దరూ మీద పడి చూస్తుంటే నవ్వెలా వస్తుందే తల్లీ?" అంది. ఫోటో చూసుకుని, "అచ్చం మా అమ్మకి పెట్టినట్టే ఉంది," అంటూ కళ్లు ఒత్తుకుంది.

పెద్దాయన తట్టుకోలేకపోయాడు. "ఇరవైనాలుగు ప్యంగ్‌లని ఇల్లు కొన్నప్పుడు కాగితం మీద రాసిచ్చారే! ఏమైపోయాయవి?"

"అపార్ట్‌మెంట్లలో మెట్లూ, లిఫ్టూ, బయటి వరండా కూడా అందులోనే కలిపేస్తారు కదండీ!" అన్నాను.

పెద్దాయన నా చేతిలోంచి కెమెరా లాక్కున్నాడు. "అయితే అదీ నాదే!"

తలుపు బార్లా తీసి, కిమ్చి డబ్బా అడ్డం పెట్టి, ఎనభై అయిదు తగిలించుకుని వరండాలోకి నడిచాడు. లిఫ్టు తలుపుకి వీపు ఆన్చి గురి చూశాడు. సరిగ్గా అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. వెనక్కి తూలి, లోపలున్న ఎదురింటావిడ చేతిలోని ఉల్లికాడల్లో పడ్డాడు.

"అయ్యో, ఇదేం పనండీ, లిఫ్టులో?" అని ఆవిడ కేక.

"నా ప్యంగ్‌లో నేను నిలబడ్డాను!" అన్నాడు కెమెరా దించకుండా.

మాల్‌సుక్ పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన కెమెరా నొక్కేశాడు.

ఊడిన పన్ను చోటు కూడా కనిపిస్తోంది ఆ ఫోటోలో. ఎంత బాగుందో! నేను ఓడిపోయానని అక్కడే ఒప్పుకున్నాను.

"ఇదీ నేనంటే," అంది పెద్దమ్మ. చాలాసేపు చూసుకుంది. తర్వాత, ఫోటో చూపిస్తున్న మొగుణ్ణి చెయ్యి పట్టి లాగి సోఫాలో కూర్చోబెట్టింది. "ఇప్పుడు నువ్వు."

"నాకిప్పుడెందుకే?"

"రేపు నా పక్కన గుర్తింపు కార్డు మొహం పెడితే ఊరుకోను."

కెమెరా మెళ్లో వేసుకుని, గోడ పట్టుకుని లేచింది. నేను చెయ్యందించబోతే వద్దంది. ఒక్కో అడుగే వేసుకుంటూ గడప దాటి, లిఫ్టు దాకా వెళ్లింది. ఆమె గడప దాటడం చూసి పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడవకు," అంది వరండాలోంచి. "ఫోటో పాడవుతుంది."