నొక్కకూడని కార్డు

తొమ్మిదింటికి ప్రశాంతి ఇటుకలు దించి, చెక్కపలక ఎత్తి, అలాగే నిలబడిపోయింది. మూడు రోజులు కూర్చుని ఆమె చేసిన క్రిస్మస్ కార్డు పలక కింద చదునుగా అణిగిపోయి ఉంది.

అది అయిదు పొరల కార్డు. అడుగున నీలం ఆకాశం, దాని మీద కొబ్బరిచెట్ల వరస, ఆ తరవాత తాటాకు పాక, పాక గుమ్మంలో తల్లీబిడ్డా, అన్నిటికన్నా ముందుకు నక్షత్రం. పొరకీ పొరకీ మధ్య కందిబద్దంత థర్మోకోల్ ముక్కలు అతికిస్తే బొమ్మ అట్ట మీంచి అరంగుళం పైకి లేస్తుంది. పాకలోకి తొంగి చూడాలనిపిస్తుంది. ఇప్పుడా ముక్కలన్నీ నలిగిపోయాయి.

పదకొండింటికి రాజోలు నుంచి రాజమండ్రి బస్సు. అక్కడి షాపాయన ఈ రోజు నమూనా చూసి, నచ్చితే ఆరువందల కార్డులు చేయమంటాడు. కరుణమ్మగారు తన ఇంటి ముందుగదిలో పదిమంది ఆడవాళ్లని పెట్టి పని మొదలుపెడతారు. ఎవరి కార్డు నచ్చితే వాళ్లే ఆ గదికి పెద్ద. ఈ మాట ఆవిడ సెప్టెంబరులోనే చెప్పారు. నమూనాలు రెండే. ఒకటి ప్రశాంతిది, రెండోది నాది.

ఇటుకలు పెట్టింది నేను.

ఎవరూ అడగకముందే చెప్పేశాను. అమలాపురంలో పన్నెండేళ్లు బైండింగు షాపులో చేశాను. అక్కడ అతికించిన ప్రతిదాన్నీ బరువు కింద పెట్టాకే ఇంటికి వెళ్లాలి. ఇక్కడ కూడా నేను చేసిన కవర్లని రోజూ సాయంత్రం పలక కింద సర్ది, కాగితం చుట్టిన ఇటుకలు పెట్టి వెళ్తాను. నిన్న వాటితోపాటు ఇదీ పెట్టేశానని చెబితే కరుణమ్మగారు తల పట్టుకున్నారు. కసరలేదు. కసిరితే బాగుండేది.

ప్రశాంతే నా తరఫున మాట్లాడింది. "అక్క తప్పేం లేదండి, చెయ్యి అలవాటు. లేసు అల్లడం మానేసేక నాకూ అంతే, చేతిలో దారం లేకపోయినా వేళ్లు ఆడేవి."

నేనూ అంతే అనుకున్నాను, పొరలు విడదీయడానికి కూర్చునేదాకా. బ్లేడు నా చేతిలో బాగా తిరుగుతుందని ప్రశాంతి నన్నే సాయం అడిగింది. నక్షత్రం కింద బ్లేడు దూర్చినప్పుడు తట్టింది: చెయ్యి అలవాటే అయితే నా కార్డు అలమార మీద ఎందుకుంది?

నిన్న సాయంత్రాన్ని మనసులో మళ్లీ నడిపించి చూసుకున్నాను. కవర్లు సర్దాను. రెండు కార్డులూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. బల్లి పాకుతుందేమోనని నాది తీసి అలమార మీద పెట్టాను. బల్లి మాట నిజం. ఆ తరవాత పలక వేశాను. ఈ రెండు పనుల మధ్య ఏమనుకున్నానో ఎంత వెతికినా దొరకలేదు. ఏమీ దొరక్కపోవడమే నన్ను భయపెట్టింది. అంతకు ముందు ప్రశాంతి పాకని చూసి కరుణమ్మగారు "ఇదమ్మా కార్డంటే" అన్నప్పుడు నేను నవ్వానని మాత్రం గుర్తుంది. బాగానే నవ్వాను.

పది దాటింది. అలమార నా వీపు వెనకే ఉంది. కరుణమ్మగారు రెండుసార్లు దాని ముందు నుంచి నడిచారు. రెండుసార్లూ నేను కార్డు మీదికి మరింత వంగాను. ప్రశాంతి కొత్త ముక్కలు కోసి అందిస్తోంది, నేను అతికిస్తున్నాను. కొబ్బరిచెట్లు లేచాయి. పాక లేచింది. నా వేళ్లు ఎంత జాగ్రత్తగా పని చేస్తుంటే వాటి మీద నాకంత అనుమానం పెరిగింది. ఇవి తప్పు దిద్దుతున్నాయా, దాస్తున్నాయా?

బస్సు దగ్గరికి తీసుకెళ్లడానికి వచ్చిన సాలమోను బయట ఆటో హారను కొట్టాడు.

"నీదేదే రాజ్యం? రెండూ డబ్బాలో పెట్టేద్దాం," అన్నారు కరుణమ్మగారు.

"అలమార మీదుందండి."

"అది నలగలేదా?"

నిన్న మధ్యాహ్నమే తీసి పెట్టానని చెప్పొచ్చు. ఆ మాట నాలుక మీదే ఉంది.

"ఆయ్, లేదండి. ప్రశాంతిది వదిలేసి నాదొక్కటే తీసేనండి. ఆ తరవాతే పలక వేసేను."

ప్రశాంతి చేతిలో బ్లేడు ఆగింది. తలెత్తి అలమార వైపు చూసింది, తరవాత నా వేళ్ల వైపు.

"తెలిసే చేసేవా?" కరుణమ్మగారి గొంతు బాగా తగ్గింది.

"తెలీదండి."

అది నిజమే. ఆ గదిలో ఎవరికీ పనికొచ్చే నిజం కాదు.

ఆవిడ నా కార్డు దించి డబ్బా దగ్గరికి తీసుకెళ్లి నా వైపు చూశారు. నాది పంపొద్దు, ఇక్కడే ఉంచెయ్యమన్నాను. బల్ల మీద పెట్టేశారు.

నక్షత్రం కింద జిగురు ఇంకా తడిగానే ఉంది. ఆరేదాకా ఆ కార్డుని డబ్బాలో పెట్టకుండా ఎవరో అరచేతుల మీద మోసుకుని వెళ్లాలి. నేను చేతులు చాచాను.

"వద్దండి రాజ్యంగారూ," అంది ప్రశాంతి. "నేను పట్టుకుంటాను."

ఇంతకుముందెప్పుడూ ఆమె నన్ను పేరుతో పిలవలేదు.

వానలకి రోడ్డంతా గతుకులు. గతుకు వచ్చినప్పుడల్లా ఆటోలో ఆమె మోచేతులు రెండూ పైకి లేవడం గుమ్మంలో నిలబడ్డ నాకు మలుపుదాకా కనిపించింది.