సారా కూతురు

రెండు మేకులే కదా, ఇంతసేపెందుకు పడుతోంది, అల్లుడు బెంజమిన్ మా ఇంటి ద్వారబంధానికి ఉన్న ఇత్తడి గొట్టాన్ని విప్పుతున్నాడు, చిటికెన వేలంతే ఉంటుంది, లోపల తోలు మీద రాసిన వాళ్ల ప్రార్థన ఉందట, పొట్లాం కాగితాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్న నాకు ఆ అక్షరాలు ఒక్కసారి చూడాలని ఉండేది, అడగలేదు, పక్కింటి కనకవ్వ వచ్చి, ఏందే వజ్రమ్మా, మీ అల్లుడు మేకులు గూడ ఇడ్శిపెట్టడా, అని నవ్వింది, నేనూ నవ్వినట్టున్నాను, కింద మగ్గాల చప్పుడులో నాకే వినిపించలేదు.

వాళ్లు ఇలా దేశం విడిచి పోవడం రెండోసారి, బెంజమిన్ వాళ్లు అలీబాగ్ వైపు యూదులు, ఇక్కడ సూరత్ పక్కన సచిన్ ఊళ్లో రంగుల మిల్లులో నా కూతురు ప్రసన్నను చూసి చేసుకున్నాడు, లేయా పుట్టాక, మనది ఇజ్రాయెల్ అని తీసుకుపోయాడు, అక్కడ అతని రంగు చూసి నువ్వు ఇండియావాడివన్నారు, నా కూతుర్ని నువ్వసలెవరన్నారు, తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదురాలట, అందుకని తల్లీబిడ్డలు పెద్దల ముందు నీళ్లలో మునిగి వాళ్ల మతం పుచ్చుకున్నారు, అలా చేరినవాళ్లను సారా కూతురనే పిలుస్తారట, సారా వాళ్లందరికీ మూలమైన తల్లి, మంచిదే, కన్న ఈ వజ్రమ్మ పేరుతో అక్కడ ఎవరికేం పని, అయినా వాళ్లకు ఇల్లు అద్దెకివ్వలేదు, పని నిలవలేదు, నా దగ్గరికి తిరిగొచ్చారు, ఈసారీ కాదంటే ఎక్కడికి పోతారు, ఎన్నిసార్లని తిరుగుతారు.

పోయేటప్పుడు నోట్లో పెరుగు పెట్టలేదు, అందుకే తిరిగొచ్చారు, నేను సిరిసిల్లలో సూరత్ బస్సెక్కిన పొద్దున మా అమ్మ నా నోట్లో చెంచాడు పెరుగు పెట్టింది, మళ్లీ అమ్మను చూడలేదు గానీ ఇక్కడ నిలిచాను, వీళ్లు మొదటిసారి పోయినప్పుడు నేను మా ఆయనతో దవాఖానాలో ఉన్నాను, ఆయనా పోయాడు, వీళ్లూ పోయారు, ఎవరికీ ఏమీ పెట్టలేదు, ఈసారి మరిచిపోను, గిన్నె తీశాను, ప్రసన్నా, నోరు తెరువు బిడ్డా.

అమ్మా, ఇప్పుడే మటన్ తిన్నగదనే, నడ్వది.

నేనే వండాను, కొబ్బరిపాలు పోసి, వాళ్లు తినే తీరుగా, మాంసం తిన్నాక గంటల తరబడి పాలూ పెరుగూ ముట్టరని తెలుసు, తెలిసీ మరిచాను, ఒక్క చెంచానే, ఎవ్వలు జూస్తరే, అన్నాను, బెంజమిన్ అప్పటికే కింద సామాన్లు ఎక్కిస్తున్నాడు, లేయా మెట్ల మీంచి, అమ్మమ్మా, జల్దీ, టాక్సీవాలా చిల్లా రహా హై, అని డ్రైవరు అరుపులకు తోడు తనూ అరుస్తోంది, వంటింట్లో మేమిద్దరమే, గట్ల జెయ్యకే అమ్మా, అంది ప్రసన్న, పెదవులు బిగించి, చెంచా పట్టుకున్న నా చేతిని రెండు చేతులతో పట్టుకుని వేళ్లను ముద్దు పెట్టుకుంది, నోరు మాత్రం తెరవలేదు, పోయింది.

ఏడుపు రాలేదు, చెంచా చల్లగా ఉంది, అంతే, మొగుడు చూడలేదు, పెద్దలెవరూ లేరు, అడిగింది కన్నతల్లి, అయినా అది వాళ్ల కట్టు తప్పలేదు, ఇక నువ్వెవరని ఎవరు అడిగితే దానికేం, దానికి ఇల్లు దొరకదనే కదా ఇన్నాళ్లు భయపడ్డాను, ఆ ఇల్లు ఎప్పుడో దొరికింది, నా వంటింట్లో నిలబడి కూడా అది ఆ ఇంట్లోనే ఉంది, బయట ఉన్నది నేనే.