నీళ్ళాయన వాటా

పద్దెనిమిదో చుట్టు దగ్గర నీళ్ళాయన ఆగాడు. వాల్వు తిప్పే పొడవాటి ఇనుప తాళం మీద రెండు చేతులూ అలాగే ఉంచి, తల కాస్త పక్కకు వంచి విన్నాడు. గుంతలో, వాల్వు కింద, ముందు గాలి బుసబుసమంటూ కదిలింది. తరువాత ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు. ఆ తరువాత నీళ్ళు.

"వచ్చేశాయి. ఇక్కడే తొందరపడకూడదు తల్లీ. ఒక్కసారిగా తిప్పేశామంటే నీళ్ళు వెళ్ళి మలుపులో పైపుని గుద్దుతాయి. ముసలి పైపు. దానిదీ నాదీ ఒకటే వయసు."

పక్కన నోటు పుస్తకం పట్టుకుని నిలబడ్డ కొత్త ఆపరేటర్ చుట్ల లెక్క రాసుకుంటూ అడిగింది. "అయితే దాన్ని కూడా ఇవాళే రిటైర్ చేసేస్తారా బాబాయ్?"

"దానికెవరిస్తారమ్మా సెలవు? నాకే అరవై ఏళ్ళకి ఇచ్చారు."

మిగిలిన నాలుగు చుట్లూ నిదానంగా తిప్పి, తాళం పైకి తీసి, గుంత మూతను కాలితో జరిపాడు. మూత సరిగ్గా తన గాడిలో కూర్చుంది. అప్పటికి వీధి చివర ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఒక వంటగదిలో దీపం వెలిగింది. ఎక్కడో బకెట్టులో ధార పడుతున్న చప్పుడు మొదలైంది.

ఆయన పొట్టి మనిషి. తాళం మోసి మోసి కుడి భుజం ఎడమదాని కన్నా రెండంగుళాలు కిందికి దిగింది. అరచేతుల్లో అడ్డంగా ఒక కాయ గట్టిపడింది. గుంతల్లోకి దిగి ఎక్కిన మోకాళ్ళు మెట్ల దగ్గర మాత్రం ఫిర్యాదు చేస్తాయి. ఆఖరి రోజని భార్య గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు గానీ, మొదటి గుంత దగ్గరే మోచేతికి బురద అంటింది.

కొత్త ఆపరేటర్‌కి ముప్పై నాలుగేళ్ళు ఉంటాయి. ఇద్దరు పిల్లల తల్లి. పెళ్ళికి ముందు నుంచీ కుళాయిలు బిగించే పని తెలుసు. ఒక ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నెల రోజులుగా ఆయన వెంట తిరుగుతూ పద్నాలుగు వాల్వుల తీరూ నేర్చుకుంటోంది. చెప్పింది ఒకసారి వింటుంది, రెండోసారి తనే చేస్తుంది. ఆమెను చూస్తే నీళ్ళాయనకు ధైర్యంగా ఉంది.

బజారు వాల్వు దగ్గరికి వచ్చాక తాళం ఆమె చేతికిచ్చాడు. ఆమె తిప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదో చుట్టు దగ్గర ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు. ఇక్కడ సగమే."

"ఆఫీసులో ఇచ్చిన కాగితంలో పూర్తిగా తెరవమని ఉంది కదా?"

"తెరవమని ఉంది. ఎంతసేపటికి తెరవాలో లేదు. బజారు పల్లంలో ఉంది, అడగకపోయినా నీళ్ళు ఇటే ఉరుకుతాయి. మెరక మీద చివరి వీధి ఉంది చూడు, ఇది పూర్తిగా తెరిస్తే అక్కడ కుళాయి తిప్పితే గాలొస్తుంది. నలభై నిమిషాలు ఇలా ఉంచు. వాళ్ళ బిందెలు నిండాక మిగతా చుట్లు తిప్పు. బజారు వాళ్ళకేం తక్కువ కాదు, కాస్త ఆలస్యమవుతుంది అంతే."

ఆమె ఆ మాట కింద రెండు గీతలు గీసి రాసుకుంది.

చివరి వీధిలో ఆఖరి ఇల్లు ఒక టైలరమ్మది. కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. ఆవిడ సగం కుట్టిన జాకెట్టు భుజం మీద వేసుకుని బయటికి వచ్చింది.

"రేపటి నుంచి రావటగా అన్నా? పాతికేళ్ళ నుంచీ ఈ ఇంటికి నీళ్ళొస్తున్నాయంటే నీ చలవే. నీ మేలు మరిచిపోను."

"మేలేంటమ్మా? మీ వాటా నీళ్ళు మీకొచ్చాయి. అందుకు నాకు థాంక్స్ ఎందుకు?" అని నీళ్ళాయన కొత్త ఆపరేటర్‌ను ముందుకు పిలిచి చూపించాడు. "ఇదిగో, ఇక నుంచి ఈ అమ్మాయి. నాకన్నా బాగా తిప్పుతుంది."

వీధి దిగి వస్తున్నంతసేపూ ఆయన మనసు తేలిగ్గా ఉంది. ఈ వీధిలో పైపు వేయడానికి కందకం తవ్వింది తనే. అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పక్కనే తోటి కూలీ పొడుగాయన. ఇద్దరూ ఒకే సోమవారం, ఒకే పారతో పనిలో చేరారు. రెండో పార సాయంత్రానికి గానీ రాలేదు. పొడుగాయన తవ్వితే తను మట్టి ఎత్తాడు. పదకొండేళ్ళు ఇద్దరూ తాత్కాలిక కూలీలుగానే ఉన్నారు. తరువాత ఉద్యోగాలు ఖాయం చేస్తామని ఫైళ్ళు కదిలాయి. ఒక గురువారం పెద్ద ఇంజనీరు సంతకాలకు కూర్చుని, కట్టలో పైసగం పూర్తి చేసి మీటింగుకు వెళ్ళిపోయాడు. పొడుగాయన ఫైలు ఆ పైసగంలో ఉంది. నీళ్ళాయనది కింద సగంలో ఉండిపోయి, మూడు వారాల తరువాత సంతకమైంది. ఆ మూడు వారాల నడుమ, తరువాత ఖాయమైన వాళ్ళకు పాత పెన్షను ఉండదన్న కొత్త నిబంధన తేదీ వచ్చి వెళ్ళిపోయింది.

అప్పుడు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఉద్యోగం ఖాయమైందని నీళ్ళాయన స్టోర్‌రూములో అందరికీ మిఠాయి పంచాడు. పాతికేళ్ళు గడిచాక గానీ తెలియలేదు. పొడుగాయనకు పూర్తి పెన్షను. తనకు దానిలో సగం కూడా కాదు. కూలీగా చేసిన పదకొండేళ్ళూ అసలు లెక్కలోకే రావు.

ఏడాది కిందట రిటైరైన దగ్గర నుంచీ ఈ విషయం తలకెత్తుకున్నది పొడుగాయనే. తేదీ దాటి చిక్కుకుపోయిన వాళ్ళందరి పేర్లూ రాసుకుని అర్జీ తయారుచేశాడు. నలభై మంది సంతకాలు పెట్టారు. పెట్టనిది నీళ్ళాయన ఒక్కడే.

పదింటికి అన్నానికి ఇంటికి వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు. భార్య మందుల డబ్బా, నీళ్ళ చెంబు, రేడియో ఒకే బల్ల మీద ఉంటాయి. ఆరేళ్ళ కిందట ఆవిడ మూత్రపిండాలు చెడిపోయాయి. ఉద్యోగుల వైద్య కార్డు మీద ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషను జరిగింది. ఆవిడ మళ్ళీ లేచి, మళ్ళీ వంటగదిలోకి వెళ్ళి, మళ్ళీ ఆయన్ని కసురుకున్న రోజున నీళ్ళాయన పంపుహౌసు వెనక్కి వెళ్ళి తనివితీరా ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఆఫీసు గేటు దాటినప్పుడల్లా ఆయన చెయ్యి దణ్ణం పెట్టుకున్నట్టు ఒకసారి దాని ఇనుప చువ్వను తాకుతుంది.

"పొడుగన్నయ్య సాయంత్రం వస్తాట్ట. కాగితం తెస్తాడు," అంది భార్య, కంచంలో ఇంకాస్త కూర వేస్తూ.

"నిన్ను బతికించిన వాళ్ళ మీద అర్జీ పెట్టమంటావా?"

"నన్ను బతికించింది డాక్టరమ్మ. కార్డు ఇచ్చింది మీ ఉద్యోగం. ఆ ఉద్యోగం ఎవరూ ఊరికే ఇవ్వలేదండీ. మీ మోకాళ్ళు తీసుకుని ఇచ్చారు."

"ఉప్పు తిన్నాం కదే."

"తిన్నారు. నేను వద్దన్నానా? ముందు ఈ అన్నం తినండి, చల్లారిపోతోంది."

ఆయన తిన్నాడు. ఆవిడ లేచి రేడియో పెట్టింది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఎక్కడ ఆపాలో ఆవిడకు బాగా తెలుసు.

నాలుగింటికి స్టోర్‌రూములో ఆయన వీడ్కోలుకు టీ పెట్టారు. గోడల నిండా కప్లింగులు, రబ్బరు వాషర్లు, తుప్పు వాసన. కాళ్ళు సమంగా లేని బల్ల కింద ఎవరో అట్టముక్క పెట్టారు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన ఇంజనీరు, మంచి కుర్రాడు, నాలుగు మాటలు మాట్లాడాడు. పైపులు ఎక్కడున్నాయో మ్యాపులో కన్నా ఈయన బుర్రలోనే సరిగ్గా ఉన్నాయని, ఇక నుంచి ఏ వీధిలో లీకైనా ఇంటికొచ్చి తలుపు కొడతానని అన్నాడు. అందరూ నవ్వారు. నీళ్ళాయనకు కళ్ళు చెమర్చాయి. ఇంత మంది తన కోసం కూర్చున్నారు, అదే గొప్ప అనుకున్నాడు.

అప్పుడే పొడుగాయన గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"నలభై ఒకటో గడి ఖాళీగా ఉందిరా. ఎల్లుండి ఇచ్చేస్తున్నాను."

"నాకేం లోటురా? ఇల్లు గడుస్తుంది. మనిషి దక్కింది. ఈ డిపార్ట్‌మెంటు ఉప్పు తిన్నాం మనం."

"ఉప్పెక్కడిదిరా, మనం తిన్నది బురద," అన్నాడు పొడుగాయన. నవ్వించాలనే అన్నాడు గానీ తనే నవ్వలేకపోయాడు. "ఒకే కందకం తవ్వాం. నెల నెలా బ్యాంకుకి వెళ్ళినప్పుడు నాకు ఎలా ఉంటుందో నీకేం తెలుసు? నా ఫైలు పైనుంది. అంతే కదా నేను చేసిన ఘనకార్యం!"

నీళ్ళాయన కాగితం మీంచి తలెత్తి అతని ముఖం చూశాడు. పెన్షను తక్కువైనందుకు తను బాధపడుతున్నాడో లేదో గానీ, పూర్తిగా వచ్చినందుకు వీడు బాధపడుతున్నాడని ఇన్నాళ్ళూ తట్టలేదు.

ఇంజనీరు ఇబ్బందిగా కదిలాడు. "నేను కాదనట్లేదండీ. కానీ ఖజానాలో ఉన్నది తక్కువ. ట్యాంకులో ఎన్ని నీళ్ళుంటే అన్నే కదా ఇవ్వగలం."

"తక్కువున్నప్పుడే కదా సార్, వాల్వు చూసి తిప్పాల్సింది," అన్నాడు నీళ్ళాయన. అలవాటైన పని మాట అలా నోట్లోంచి వచ్చేసింది. అన్నాక తనే ఆశ్చర్యపోయాడు.

టీ గ్లాసులు సర్దుతున్న కొత్త ఆపరేటర్ ఆగింది.

"పొద్దున టైలరమ్మతో ఏమన్నారు బాబాయ్? మీ వాటా మీకొచ్చింది, అందులో మేలేముంది అన్నారు. మరి మీ వాటా మీరు అడగడానికి ఇంత మొహమాటమా?"

"అది వేరు తల్లీ."

"ఏం వేరు? మీకు ఎంతో కొంతైనా ఉంది. మా కాంట్రాక్టు కాగితంలో పెన్షను అన్న మాటే లేదు. మీరు ఆ పదకొండేళ్ళూ వదిలేస్తే, రేపు నేను ఎన్నేళ్ళు తిరిగినా అవి ఏళ్ళే కావంటారు."

ఆమె కోపంగా అనలేదు. నోటు పుస్తకంలో చుట్లు లెక్కపెట్టినంత మామూలుగా అంది.

నీళ్ళాయన కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. పొడుగాయన పెన్ను అందించాడు. నలభై ఒకటో గడిలో పెన్ను ఆనించి, మళ్ళీ ఎత్తాడు.

"ముందు ఒక ముక్క రాస్తాను."

"ఏం రాస్తావ్?"

"ఈ ఉద్యోగం నాకు అన్నం పెట్టింది, నా భార్యను కాపాడింది, అందుకు ఋణపడి ఉన్నాను అని. ఆ తరువాత అడుగుతాను."

"ఒరేయ్, అర్జీ మీద థాంక్సు ఎవడైనా రాస్తాడట్రా?"

"నేను రాస్తాను. రెండూ నిజమే కదా. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే నాకు చెయ్యి ఆడదు."

పొడుగాయన నెత్తి గోక్కుని, పక్కన ఖాళీ చూపించాడు. నీళ్ళాయన గుండ్రటి అక్షరాలతో మూడు లైన్లు రాశాడు. వాటి కింద, కందకం తవ్విన పదకొండేళ్ళూ నా పని కిందే లెక్క కట్టండి, అని రాసి సంతకం చేశాడు. చేశాక గుండెల్లోంచి ఏదో బరువు దిగింది. తను ఎవరి మీదా తిరగబడలేదు. ఇచ్చిన చేతినే, మిగిలింది కూడా ఇమ్మని అడిగాడు.

ఐదున్నరకు ఇనుప తాళాన్ని కొత్త ఆపరేటర్ చేతిలో పెట్టి, గేటు దాటాడు. పొడుగాయన కూడా ఆయన ఇంటిదాకా నడిచాడు. ఇద్దరూ దారంతా ఆ మొదటి సోమవారం ఒక్క పార కోసం ఎలా కొట్టుకున్నారో చెప్పుకుని నవ్వుకున్నారు.

అర్జీ తేలడానికి రెండేళ్ళ ఏడు నెలలు పట్టింది. కాగితం ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి కదిలించడానికి పొడుగాయన కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి తాత్కాలికంగా చేసిన కాలంలో సగాన్ని లెక్కలోకి తీసుకుంటూ ఉత్తర్వు వచ్చింది. పూర్తిగా కాదు, సగమే. ఇకపై కాంట్రాక్టు మీద చేసేవాళ్ళ ఏళ్ళు కూడా రాసి ఉంచాలని అందులో ఒక లైను ఉంది. కొత్త ఆపరేటర్ ఆ లైను చదివి ఫోను చేసింది. "బాబాయ్, మా ఏళ్ళు కూడా ఏళ్ళేనట!" అంది. ఆమె గొంతు వింటుంటే నీళ్ళాయనకు తనకు వచ్చినదాని కన్నా అదే ఎక్కువ అనిపించింది.

ఉత్తర్వు కాగితం పట్టుకుని ఆయన పొడుగాయన ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంట్లో పొడుగాయన లేడు. రెండు నెలల కిందట, ఒక మధ్యాహ్నం భోజనం చేసి, కుర్చీలో కాసేపు నడుం వాలుస్తానని వాల్చినవాడు మళ్ళీ లేవలేదు.

పొడుగాయన భార్య కాగితం అందుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. భర్త పేరు అందులో ఎక్కడా లేదు. ఉండడానికి ఆయనకు రావలసిందేమీ లేదు కదా.

"అందరికీ వచ్చిందా?" అని అడిగింది.

"అందరికీ వచ్చింది వదినా. నలభై ఒక్క మందికీ."

"ఆయన ఉంటే ఇవాళ ఇంట్లో నిలిచేవాడు కాదు. ఇంటింటికీ తిరిగి తనే చెప్పేవాడు."

"నేను వెళ్తాను. నేను చెప్తాను," అన్నాడు నీళ్ళాయన.

లేచి బయటికి వచ్చాడు. గుమ్మం పక్కన, వదిన తీయకుండా ఉంచేసిన పొడుగాయన బూట్లు ఉన్నాయి. లేసులు విప్పకుండానే విడిచినవి, మడమల దగ్గర ఒక పక్కకి అరిగి, వీధి వైపు తిరిగి ఉన్నాయి.