జనరల్ గారి మబ్బు

పొద్దున్నే జనరల్ ల్యూడెక్ గది తుడవడం ఫ్రౌ కెంప్ పని. పైకప్పు కింద వేలాడే మబ్బు రాత్రంతా కారుతుంది. మ్యాపులు తడవకుండా సహాయాధికారి వాటి మీద మైనపు గుడ్డ కప్పేవాడు.

ఆ మబ్బు మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. కుర్ర పైలట్ ల్యూడెక్‌ని శత్రు విమానాలు తరుముతుంటే అందులో దాక్కున్నాడు. కిందికి దిగాక చూస్తే అతని తోలు కోటుని పట్టుకుని అదీ దిగింది. పతకాలొచ్చాయి, హోదా పెరిగింది, ఇప్పుడు ఒక వాయుదళమే అతని చేతికింద ఉంది. మబ్బు మాత్రం వదల్లేదు.

“రేపు మా అబ్బాయిని యుద్ధానికి పంపుతున్నారట,” నేల తుడుస్తూనే అంది ఫ్రౌ కెంప్. “యోర్గ్‌కి విమానం దించడం ఇంకా సరిగ్గా రాదు, జనరల్ గారూ.”

“మొదట్లో నాకూ రాలేదు.”

“అప్పుడు మీకు నేర్పేవాళ్ళు బతికున్నారు.”

ల్యూడెక్ కిటికీ వైపు తిరిగాడు. “నా పైన బెర్లిన్ ఉందమ్మా.”

“మీ పైన నాకు మబ్బే కనిపిస్తోంది. ఒక్కసారి వద్దని చెప్పి చూడండి.”

సాయంత్రం బెర్లిన్ నుంచి ఫోనొచ్చింది. రేపు అందరూ ఎగరాలి. పితృభూమి, రక్తం, త్యాగం అని రేడియోలో గొంతు చించుకునేవాళ్ళెవరూ ఆ అందరిలో లేరు. ల్యూడెక్ నోరు తెరిచాడు. “చిత్తం” అన్నాడు.

ఫోన్ పెట్టేసి కిటికీ తెరిచాడు. “వెళ్ళు. విమానాల మైదానాన్ని కప్పెయ్” అన్నాడు మబ్బుతో.

తెల్లారేసరికి విమానాల తోకలు కూడా కనబడలేదు. యుద్ధంలో ఎక్కడా దొరకని అసలు కాఫీ, ఆయన కోసం దాచింది, ఫ్రౌ కెంప్ తెచ్చింది. “ఈ మంచులో కాకి కూడా ఎగరదు” అని నవ్వింది.

సహాయాధికారి అదే మాట బెర్లిన్‌కి చెప్పాడు. ఫోన్‌ని చేత్తో మూసి, “పైన ఎండ ఉందట. ఎగరమంటున్నారు. మీరేమంటారు?” అని అడిగాడు.

ల్యూడెక్ కాఫీ కప్పులోకి చూశాడు. “ఎగరమనండి.”

మెకానిక్కులు లాంతర్లు పట్టుకుని దారి చూపించారు. కుర్రాళ్ళు మబ్బుని చీల్చుకుని ఎండలోకి వెళ్ళారు. మధ్యాహ్నానికి కొందరే తిరిగొచ్చారు, కానీ మబ్బు కింద దిగే చోటు వాళ్ళకి కనబడలేదు. ఇంకో మైదానానికి చేరేంత పెట్రోలు లేదు. ఇంజన్ల శబ్దం నెత్తిమీద గుండ్రంగా తిరుగుతోంది. ఒక్కొక్కటే ఆగిపోతోంది.

ల్యూడెక్ బయటికి పరుగెత్తి రెండు చేతులూ చాచాడు. “వెనక్కి రా. ఇది ఆజ్ఞ.” మబ్బు కదల్లేదు. పరుచుకున్నది మళ్ళీ ఒక గదిలో పట్టదు.

“ఆ వద్దనే మాటేదో ఫోన్‌లో మీరే చెప్పి ఉంటే సరిపోయేది” అంది వెనక నుంచి ఫ్రౌ కెంప్. అరవలేదు. మిగిలిన ఒక్క ఇంజనూ దగ్గింది. ఆమె ఆ చప్పుడు వైపు పరుగెత్తి తెల్లదనంలో కలిసిపోయింది.

పైన నిశ్శబ్దం.

“వద్దు” అన్నాడు జనరల్ ల్యూడెక్. స్పష్టంగా, గట్టిగానే అన్నాడు. వినడానికి అక్కడ మబ్బు తప్ప ఎవరూ లేరు.