అక్క బస్సెక్కిందా, దిగిందా

కళ్ళద్దాల షాపులో ఆమెను అందరూ అద్దాలక్క అని పిలిచేవాళ్ళు. వచ్చినవాళ్ళను చీకటి గదిలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాలు చదివించి, ఏ పవరు సరిపోతుందో తేల్చడం ఆమె పని. ఆ పనిలో ఆమెకు తిరుగులేదు. ఆమె నవలలు రాస్తుందన్న సంగతి మాత్రం అక్కడ ఓనరుకు తప్ప ఇంకెవరికీ తెలీదు. ఓనరుకైనా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, మధ్యాహ్నం భోజనాల వేళ ఆ చీకటి గది ఆమెకు కావలసి వచ్చింది.

ఆమె రాసిన నవల పేరు 'పదహారో నంబరు బస్సు'. అక్కాచెల్లెళ్ళు ఇద్దరు కలిసి టైలరింగ్ షాపు నడుపుతుంటారు. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకే కత్తెర. ఒకరోజు మాటా మాటా పెరిగి అక్క పెట్టె సర్దుకుని బస్సెక్కుతుంది. బస్సు మలుపు తిరిగి కనపడకుండా పోవడంతో నవల అయిపోతుంది. పత్రికలకు పంపితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"బావిలో రాయి వేసినా చప్పుడు వస్తుంది కదా వదినా, వీళ్ళేంటి?" అంది ఆడపడుచు చిట్టి.

చిట్టి వాళ్ళతోనే ఉంటుంది. ఫొటో స్టూడియోలో వీడియోలు ఎడిట్ చేస్తుంది. ఒకళ్ళ గడప తొక్కే పనిలేదని, నవలను తనే ఈబుక్‌గా తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టేసింది. అట్టమీద మంచి ఎర్ర బస్సు బొమ్మ వేసింది. ఆ బస్సే కొంప ముంచింది. మొదటి పాఠకుడు ఒకే ఒక్క స్టార్ ఇచ్చి, "టైమింగులు లేవు. ఏ స్టాపులో ఆగుతుందో కూడా రాయలేదు" అని ఫిర్యాదు చేశాడు. రెండో రివ్యూలో అయిదు స్టార్లు వచ్చాయి. దాని కింద, "మా ఆవిడ రాసిందని ఎవరికీ చెప్పొద్దంది" అని ఉంది. ఆమె ఆ పూట భర్తతో మాట్లాడలేదు.

"జనానికి చదివే ఓపిక లేదు వదినా, వినే చెవులున్నాయి. గిన్నెలు తోముకుంటూ వింటారు. నువ్వు చదువు, నేను పాడ్‌కాస్ట్ పెడతా" అంది చిట్టి.

ఇంట్లో రికార్డింగ్ కుదరలేదు. నోరు తెరిస్తే కుక్కరు కూత, కుక్కరు ఆగితే పైవాళ్ళ కుర్చీలు ఈడ్చిన మోత. అప్పుడు గుర్తొచ్చింది షాపులోని చీకటి గది. కిటికీల్లేవు, తలుపుకు దళసరి కర్టెన్ ఉంది. ఒక్కటే చిక్కు. పక్క గదిలో అద్దాలు అరగదీసే మిషను ఉంది. ఫ్రేముకు తగ్గట్టు అద్దాన్ని కోసేటప్పుడు అది ఉండుండి గుర్రుమంటుంది. చిట్టి ఎంత తుడిచినా ఆ చప్పుడు పూర్తిగా పోలేదు.

"వెనకాల గురక పెడుతున్నది మీ ఆయనా?" అని విన్నవాళ్ళు అడిగారు.

"నేను గురక పెట్టను" అన్నాడు భర్త, మొహం ముడుచుకుని.

"పెడతావు అన్నయ్యా. కానీ ఇది నీది కాదు" అంది చిట్టి.

గురకతోనే పాడ్‌కాస్ట్ నడిచింది. వినేవాళ్ళు పెరిగారు. ఈబుక్‌లో చప్పగా ఉన్న మాటలు గొంతులో పడేసరికి ప్రాణం పోసుకున్నాయి. ఒకావిడ ఆస్పత్రిలో తల్లి మంచం పక్కన కూర్చుని వింటున్నానని రాసింది. ఇంకొకాయన, తను లారీ నడుపుతానని, అక్కకు చెల్లెలు తిండి పెట్టని అధ్యాయం దగ్గర బండి పక్కకు ఆపుకున్నానని రాశాడు. అవి చదివి అద్దాలక్కకు ఏడుపొచ్చింది. ఎవరి కోసమో తనకే అర్థం కాలేదు.

అలా ఆఖరి అధ్యాయం వచ్చింది. చీకటి గదిలో ఫోను వెలుగులో చదువుతోంది. అక్క బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగింది. నవల అక్కడితో ఆగాలి. ఆమె నోరు ఆగలేదు. "ఆపండి, నేను దిగిపోతాను అంది అక్క" అని పైకి అనేసింది. అన్నాక వెనక్కి తీసుకోలేక, అక్కను బస్సు దింపి, పెట్టె మోయించి, ఇంటి గుమ్మం దాకా నడిపించింది. ఎందుకలా చదివిందో ఎవరైనా అడిగితే చెప్పేందుకు ఏమీ లేదు. కాగితం మీద పంపించేసినంత తేలిగ్గా సొంత గొంతుతో పంపలేకపోయింది, అంతే.

ఈబుక్ చదివేవాళ్ళు నలుగురైదుగురే కదా, ఎవరు పోల్చుకుంటారులే అనుకుంది. పోల్చుకున్నారు. పాడ్‌కాస్ట్ విన్నవాళ్ళు ఈబుక్ కొన్నారు, కొని తిట్టారు. "అక్క తిరిగొచ్చిందని చెప్పి ఏడిపించి, పుస్తకంలో పంపించేస్తావా?" అని ఒకరు. "పుస్తకమే నిజం, గొంతు మెత్తబడింది" అని ఇంకొకరు. ముక్కూ మొహం తెలీని మనుషులు ఆ కామెంట్ల కింద జుట్లు పట్టుకున్నారు.

ఆమెకు తల తిరిగిపోయింది. ఒక ఉదయం షాపుకు వెళ్ళే ముందు కూర్చుని, ఈబుక్‌లో ఆఖరి పేజీలు మార్చేసింది. అక్క దిగిపోయింది. ఈబుక్ సుఖమే అది, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిద్దుకోవచ్చు. కొన్నవాళ్ళ ఫోన్లలో కూడా దానంతటదే మారిపోతుంది. ఇక గొడవ తీరిందని నిమ్మళంగా పనికి వెళ్ళింది.

సాయంత్రం చిట్టి సంబరంగా ఎదురొచ్చింది.

"వదినా, నీ తలనొప్పి వదిలించేశా. పాడ్‌కాస్ట్‌లో ఆఖరి ముక్క కోసేశాను. బస్సు మలుపు తిరగ్గానే ఆపేశా. ఇప్పుడు పుస్తకంలో ఎలా ఉందో ఇదీ అలాగే ఉంది."

"నేను పుస్తకం మార్చేశానే" అంది ఆమె.

"ఎలా మార్చావు?"

"పాడ్‌కాస్ట్‌లో ఉన్నట్టు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇప్పుడు పుస్తకంలో అక్క తిరిగొస్తోంది, పాడ్‌కాస్ట్‌లో వెళ్ళిపోతోంది. భర్త ఇద్దరి దగ్గరా విడివిడిగా విని, "అంటే ఇంతకీ..." అని ఏదో అడగబోయి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఏది మళ్ళీ మార్చాలో తేలలేదు. ముందు అక్క వెళ్ళిందో వచ్చిందో తేలితే కదా! ఆమె రోజూ ఒకటి అనుకునేది, స్నానం చేసి వచ్చేసరికి రెండోది అనిపించేది. ఏదీ ముట్టుకోకుండా వదిలేసింది.

ఆ వారంలోనే మొక్కల నర్సరీ నడిపే ఒక పెద్దావిడ కళ్ళు చూపించుకోవడానికి వచ్చింది. గోళ్ళ నిండా మట్టి. కుర్చీలో కూర్చోగానే, "అమ్మా, నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయి. చదివింది ఒకటి, మళ్ళీ తీసి చూస్తే ఇంకొకటి" అంది.

"అక్షరాలు అలుక్కుపోతున్నాయా?" అని అడుగుతూ అద్దాలక్క లైటు తీసింది.

"అలుక్కుపోవడం కాదు. ఏకంగా మారిపోతున్నాయి."

అద్దాలక్క ఆమె కళ్ళకు పరీక్ష ఫ్రేము తగిలించి, ఒక అద్దం వేసి, తీసి, ఇంకొకటి వేసింది. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అంది. సరిగ్గా అప్పుడే పక్క గదిలో మిషను గుర్రుమంది.

పెద్దావిడ ఉలిక్కిపడింది. "ఇంకోసారి మాట్లాడు" అంది.

"ఏం మాట్లాడమంటారు?"

"నువ్వే! ఆ గొంతు నువ్వే. ఆ గురకా ఇదే! మా చెల్లెలు పంపిన బస్సు కథ చదివింది నువ్వే కదూ?"

అద్దాలక్కకు అబద్ధమాడాలనిపించింది కానీ, ఆ గొంతుతో ఆడితే ఎవరు నమ్ముతారు? ఔనంది.

అప్పుడు ఆవిడ చెప్పుకొచ్చింది. తనకూ చెల్లెలికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. తల్లి జబ్బు పడ్డప్పుడు, "నువ్వొచ్చి చేసిందేముంది?" అని చెల్లెలు అన్న ఒక్క మాటకు, ఆ ఇంట్లోంచి సంచీతో బయటికి నడిచింది. మళ్ళీ వెళ్ళలేదు. ఈమధ్య ఉన్నట్టుండి చెల్లెలి నుంచి ఫోనుకు ఒక లింకు వచ్చింది. మంచీ లేదు, చెడ్డా లేదు, ఉత్త లింకు. అది నొక్కితే గురక మధ్య ఒక గొంతు కథ చదవసాగింది. అంతసేపు వినే ఓపిక లేక, అదే పేరున్న పుస్తకం వెతుక్కుని చదివింది. చివర్లో అక్క వెళ్ళిపోయింది.

"చూడు, నా కడుపు మండిపోయింది. ఎక్కడో నా మానాన నేను మొక్కలు పెంచుకుంటుంటే, పోయినదానివి పోయినట్టే ఉండు అని పుస్తకం పంపిస్తుందా? వెంటనే ఫోన్ చేసి దులిపేశాను. అది ఏడుస్తూ, 'పొమ్మని కాదే అక్కా, వచ్చేయమని పంపాను, అక్క వచ్చేసింది కదా చివర్లో' అంటుంది. ఎక్కడొచ్చిందే అని మళ్ళీ పుస్తకం తీశాను. వచ్చేసి ఉంది! దానికి చెప్దామని ఫోన్ చేస్తే, 'లేదే, నేనూ మళ్ళీ విన్నాను, వెళ్ళిపోయింది' అంటుంది. ఇద్దరం రోజూ ఫోన్లో ఇదే తగువు. నాకు కళ్ళు పోయాయంటుంది, దానికి చెవులు పోయాయంటాను."

అద్దాలక్క లైటు వేసింది. "మీ కళ్ళకు పవరు కాస్త మారింది అంతే. ఆవిడ చెవులకూ ఏం కాలేదు. మేమే మార్చాం" అని జరిగిందంతా చెప్పింది.

పెద్దావిడ నమ్మలేనట్టు చూసింది. "అచ్చయిపోయిన పుస్తకాన్ని మారుస్తారా? ఇంట్లో ఉన్న పుస్తకాన్ని?"

"మార్చొచ్చండీ ఇప్పుడు."

"మరి మా చెల్లెలు పంపింది ఏది?"

"అక్క తిరిగొచ్చిందే. ఆవిడ మొదట విన్నది అదే."

పెద్దావిడ ముక్కు ఎగబీల్చి, "అది దాని సంగతి. నీ సంగతేమిటి? నువ్వు రాశావు కదా, ఆ అక్క వెళ్ళిందా, వచ్చిందా?" అంది.

"నాకు తెలీదండీ."

"రాసినదానివి నీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"నిజంగానే తెలీదు. వెళ్ళిందని రాశాను. వచ్చిందని చదివాను. రెండూ నేనే."

ఆవిడ విసుక్కుంటూ ఫ్రేము ఎంచుకుని వెళ్ళిపోయింది.

అద్దాలు తయారయ్యాక తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆవిడ పక్కన ఇంకొకావిడ ఉంది. చెల్లెలని చెప్పక్కర్లేదు, అదే ముక్కు. ఇద్దరూ షాపులోకి పోట్లాడుకుంటూనే వచ్చారు. ఆటోను ఎక్కడ ఆపమనాలన్న దాని మీద. అద్దాలక్కను చూడగానే చెల్లెలు ఆగింది.

"మీరేనా? నాదొక ప్రశ్న. అక్క వెళ్ళిందా వచ్చిందా అని ఊరంతా కొట్టుకుంటున్నారు. ఆ టైములో ఆ చెల్లెలు ఏం చేస్తోందో ఒక్కళ్ళూ అడగరేం? మీరు కూడా రాయలేదేం?"

అద్దాలక్క తెల్లబోయింది. నిజమే. పెట్టె సర్దడం రాసింది, బస్సు రాసింది, మలుపు రాసింది. ఇంట్లో మిగిలిన మనిషిని గాలికి వదిలేసింది.

"ఏం చేస్తూ ఉండి ఉంటుందంటారు?" అని అడిగింది.

"నేనైతే మిక్సీ వేశాను" అంది చెల్లెలు.

"మిక్సీనా?"

"ఖాళీ మిక్సీ. అందులో ఏమీ లేదు. అక్క గేటు వేసుకుని వెళ్ళే చప్పుడు నాకు వినపడకూడదని. చాలాసేపు వేశాను. కాలిన వాసన వచ్చేదాకా."

పెద్దావిడ కొత్త అద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. "నువ్వు వంట చేసుకుంటున్నావనుకున్నాను" అంది నెమ్మదిగా. "నేను పోతుంటే, ఇది కనీసం వంట కూడా ఆపలేదే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

"ఏం వంట? రెండు రోజులు పొయ్యి వెలిగిస్తే ఒట్టు."

ఓనరు అవసరం లేకపోయినా ఒక ఫ్రేము తుడవడం మొదలుపెట్టాడు.

వాళ్ళు వెళ్ళబోతుంటే అద్దాలక్క వెనకాలే గుమ్మం దాకా వెళ్ళి, "అది నేను రాసుకోవచ్చా?" అని అడిగింది.

"రాసుకోండి. కానీ మిక్సీ అని రాయకండి, నవ్వుతారు" అంది చెల్లెలు.

అద్దాలక్క మిక్సీ అని రాయలేదు. అక్క బస్టాపుకు నడుస్తున్నంతసేపూ చెల్లెలు దారం ఎక్కించకుండా కుట్టుమిషను తొక్కుతూ కూర్చున్నట్టు రాసింది. బట్ట మీద సూది చిల్లులే పడుతున్నాయి, కుట్టు పడటం లేదు. రాస్తుంటే చెల్లెలి మీద ఇన్నాళ్ళూ లేని జాలి పుట్టుకొచ్చింది. ఆ వెంటే అక్క మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆ అక్క తిరిగి రావాలని ఆమెకు అనిపించిందా, లేదా? అదీ తేలలేదు. పైగా కొత్త సందేహం కూడా పుట్టింది. అక్క దిగి వచ్చినా, చెల్లెలు ఆ మిషను చప్పుడులో తలుపు కొట్టడం వింటుందా?

భోజనాల వేళ చీకటి గదిలో కూర్చుని ఆ అధ్యాయం చదివింది. ఈసారి నోరు దారి తప్పలేదు. కాగితం మీద ఉన్నదే చదివింది.

రికార్డింగు విని చిట్టి కళ్ళు తుడుచుకుని, వెంటనే పనిలో పడింది. "సరే వదినా, ఇది ఎక్కడ పెట్టను? బస్సుకు ముందా, తర్వాతా? ఆఖరి అధ్యాయం అని పేరు పెట్టనా?"

"తెలీదే."

"మరి ఆ రెండు ముగింపులు? ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?"

"అవీ తెలీదు. రెండూ పెట్టు. రెండున్నాయని ముందే చెప్పేద్దాం. ఇష్టమున్నవాళ్ళు వింటారు."

చిట్టి చెల్లెలి ముక్కతో పాటు రెండు ముగింపులూ పెట్టింది. వినేవాళ్ళలో కొందరు విసిగి వెళ్ళిపోయారు. లారీ నడిపే ఆయన మాత్రం, "చెల్లెలి ముక్క మూడుసార్లు విన్నానండీ. అర్థం కాలేదు. మళ్ళీ వింటాను" అని రాశాడు. ఆ మాట చదివి ఆమెకు సంతోషించాలో, నొచ్చుకోవాలో తెలీలేదు. ఫోను పక్కన పెట్టి, కర్టెన్ జరిపి, తర్వాత కళ్ళు చూపించుకోవాల్సిన మనిషిని లోపలికి పిలిచింది.