పన్నెండెకరాల పూర్వీకుడు

తమ వంశం మూలం వెతుకుతూ వాల్టర్ పిక్‌థార్న్ తొమ్మిదేళ్లు ఇంగ్లండులోని సఫోక్ జిల్లా రికార్డు ఆఫీసు చుట్టూ తిరిగాడు. చర్చి రిజిస్టర్లు అయిపోయాక జమీందారీ కచేరీ తీర్పులు లాటిన్‌లో రాసిపెట్టిన పాత తోలుచుట్టలు పట్టాడు. వాటి కోసమే ఆ భాష నేర్చుకున్నాడు. వంశవృక్షాన్ని పటం కట్టించి గోడకు తగిలించాలని అతని అక్క ఎడ్నా కోరిక.

ఒక మంగళవారం 1381 నాటి చుట్టలో తమ ఇంటిపేరు కనబడింది. రైతుల తిరుగుబాటు అణిగిన ఏడాది అది. జమీందారు పత్రాలు తగలబెట్టినవాళ్లలో తన అన్న రాబర్ట్ ఉన్నాడని ఆడమ్ పిక్‌థార్న్ సాక్ష్యం చెప్పాడు. రాబర్ట్‌ను ఉరితీసి, అతని పన్నెండెకరాలు ఆడమ్‌కు రాసిచ్చారు. రాబర్ట్ పిల్లల ఊసు ఆపైన ఎక్కడా లేదు. వాల్టర్ వాళ్లది ఆడమ్ సంతతి.

సాయంత్రం టీ తాగుతూ అక్కకు చెప్పాడు.

"అయితే మనవాళ్లకి అప్పట్లోనే భూములున్నాయన్నమాట!" అంది ఎడ్నా.

"తోడబుట్టినవాడి మెడకి ఉరి తగిలించి సంపాదించిన భూమక్కా."

"ఆరొందలేళ్ల నాటి గొడవ మనకెందుకురా? ఉరి సంగతి వదిలేసి భూమి సంగతి రాయి. నువ్వు చెప్పకపోతే ఎవడికి తెలుస్తుంది?"

వాల్టర్ వంశవృక్షంలో అలాగే రాశాడు. తొమ్మిదేళ్ల కష్టాన్ని ఎవరైనా మెచ్చుకోవాలని అతనికీ ఉంది. ఆదివారం చుట్టాలొచ్చి పటం చూసి భుజం తట్టారు. ఆ తర్వాత అతనికి ఆ రికార్డు ఆఫీసు గడప తొక్కబుద్ధి కాలేదు.