పడుకొని పోయే టికెట్టు

కూర్చొని పోవడానికి వీల్లేదని ఖమ్మం డాక్టరు చెప్పాడు. తుంటి ఎముక విరిగి, లోపల ఇనుప ముక్క వేయించుకున్న మనిషి ఎక్కువసేపు కూర్చుంటే కాలు వాచిపోతుందట. కెనడా పోవాలంటే ఒక పగలూ ఒక రాత్రీ విమానాల్లోనే గడపాలి. పడుకొని పోయే సీట్లు ఉంటాయట, వాటిని బిజినెస్ క్లాసు అంటారట. వాటి ధర వింటే నిలబడ్డవాళ్ళు కూడా మంచం వెతుక్కోవాలి.

పోవలసింది మార్తమ్మ. ఆమె కెనడా నర్సు. వయసులో ఉన్నప్పుడు బూర్గంపాడు అవతల కుష్ఠురోగుల దవాఖానాలో పనిచేయడానికి వచ్చింది. నేను అక్కడ వంటమనిషిని. దవాఖానా మూతబడ్డాక కూడా ఆమె తన దేశం పోలేదు. ముసలితనంలో ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఇప్పుడు అక్కడ ఆమె చెల్లెలు మంచాన పడి, ఒక్కసారి చూడాలని ఫోన్లో ఏడ్చిందట. ఆ రోజు నుంచి మార్తమ్మ, "పోత గంగా, ఎట్లన్న పోత" అంటోంది. మళ్ళీ వస్తుందో రాదో చెప్పలేదు. అడిగితే ఏం చెబుతుందోనని నేనూ అడగలేదు.

నాకు ఆ భయం ఊరికే రాలేదు. మా అక్క ఆఖరుసారి వచ్చినప్పుడు, తీజు పండుగకు మళ్ళీ వస్తానని గోదారి దాటి పోయింది. నా పెనిమిటి అడవిలో వెదురు నరికే కూపులో పనికి పోతూ పున్నమికి వస్తానన్నాడు. తీజు వచ్చింది, పున్నమి వచ్చింది. వాళ్ళు రాలేదు.

టికెట్టు వెతికే పని నా మీదే పడింది. నేను బడి ముఖం చూడలేదు. మందు సీసాల మీది అక్షరాలూ, పొట్లాలు కట్టిన కాగితాలూ చూసి చదవడం నేర్చుకున్నాను. విదేశాల టికెట్లు తక్కువకు ఇప్పిస్తామని పాల్వంచ శ్రీధర్ వేయించిన ప్రకటన అట్లాగే నా కంట పడింది. శ్రీధర్ మా దవాఖానా జీపు నడిపిన తుల్సీరాం కొడుకు. బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటరు పెట్టాడు. సోమవారం పొద్దున్నే పోయాను.

"పెద్దమ్మా, నువ్వా! ఏ దేశం పోతున్నవు?"

"నేనేడికి పోత బిడ్డా. మార్తమ్మ పోవాలె. పండుకొని పోవాలె. తక్కువల కావాలె."

"పండుకొనుడు, తక్కువ! రెండూ ఒక్క తాన దొరకయి పెద్దమ్మా."

"బిజినెస్ అంటే షావుకార్లదేనాయె. నర్సమ్మను ఎక్కనిస్తరా?"

"పైసలు కడితే నిన్ను గూడ ఎక్కిస్తరు, దుప్పటి కప్పి పండవెడతరు" అని నవ్వి, హైదరాబాదుకు ఫోన్ చేశాడు. అక్కడ ఒకాయన అమ్ముడుపోని సీట్లను విమానాలవాళ్ళ దగ్గర తగ్గింపు ధరకు తీసుకొని, ఇట్లాంటి చిన్న ఏజెంట్లకు ఇస్తాడట. శ్రీధర్ చాలాసేపు ఇంగ్లీషూ తెలుగూ కలిపి మాట్లాడాడు.

"నీ నసీబు మంచిగున్నది. ఒక సీటున్నది, సగం ధరకన్న తక్కువ. ఈ శుక్రవారమే. పోను, రాను రెండూ."

"పోను ఒక్కటే అడుగు బిడ్డా, ఇంక తగ్గుతది."

"తగ్గదు, పెరుగుతది. పోను ఒక్కటైతే ఈ ధరకు రాదు."

"గిదేంది? బస్సుల పోను ఒక టికెట్టు, రాను ఒక టికెట్టు. రెండు కలిస్తే ఒక్కదానికన్న తక్కువెట్లయితది?"

"విమానమోళ్ళ లెక్క గంతే. రాను గూడ కొనాలె. తర్వాత వస్తే వచ్చిండ్రు, రాకుంటే లేదు. సీటు ఖాళీగ వస్తది."

ఖాళీగా వచ్చే సీటు నా కళ్ళ ముందు కదిలింది. శ్రీధర్ ఇంకా చెబుతున్నాడు. వచ్చే తేదీ ఇప్పుడే చెప్పాలట. అది ఆరు నెలల లోపు ఉండాలట. తగ్గింపు టికెట్టు కాబట్టి తర్వాత మార్చనియ్యరట. రేపు మధ్యాహ్నం దాకే ఆ సీటు పట్టి ఉంచుతారట.

"అమ్ముడుపోనిదంటివి. మరి గంత తొందరేంది?"

"నాకు గూడ తెల్వదు పెద్దమ్మా. నేను అమ్ముత, గంతే."

"శుక్రవారం ఆడమనిషిని ఇంట్లకెళ్ళి ఎట్ల పంపుత?"

"ఆమెది కెనడా. ఆమెకు శుక్రవారమేంది?"

"ఆమెది కెనడానే. గడప మాది" అన్నాను.

ఇంటికి వచ్చి చెబితే మార్తమ్మ నవ్వింది. "అయితే ప్రస్థానం పెట్టు గంగా. ఇయ్యాల దశమేగదా" అంది. మా ఆచారాలు ఆమెకు నాకంటే ఎక్కువ గుర్తు. అనుకున్న రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచిరోజు చూసి మనిషి బట్టలు ఇంకొకరి ఇంట్లో పెట్టి వస్తాం. తర్వాత ఎప్పుడు కదిలినా ఆ మంచిరోజే బయల్దేరినట్టు లెక్క.

సంచిలో ఒక చీర పెట్టి, ఇంకొకటి మడత పెడుతుంటే ఆపింది.

"ఒకటి చాలు. తక్కినయి నువ్వే ఉంచుకో."

చలిదేశంలో చీరలు పనికిరావని అన్నదా? మళ్ళీ కట్టుకునే పని లేదని అన్నదా? ముఖం చూశాను. మామూలుగానే ఉంది. పక్కింటి నాగక్క దగ్గరికి సంచి తీసుకుపోతే, ఆమె నన్నింకా గాభరా పెట్టింది.

"గంగక్కా, పోవుడుకు ప్రస్థానం పెడుతున్నవు. మరి వచ్చుడుకు ఎవరు పెడతరే ఆడ?"

"నీ నోట్ల మన్నువడ! ఉంచుతవా, ఉంచవా?"

"ఉంచుత తియ్యి. గింత మాటకే గంత కోపమా!"

అన్నం పెట్టాక మార్తమ్మను అడిగాను. "రాను తేదీ ఏం రాపియ్యాలె?"

ఆమె పైకప్పు వైపు చూసింది. "చెల్లె ఎన్నొద్దులుంటదో నాకేం తెలుసు గంగా. నువ్వే రాపియ్యి."

మర్నాడు మార్తమ్మ ఇచ్చిన డబ్బూ, పాస్‌పోర్టూ పట్టుకొని బస్సులో కూర్చున్నాక నా బుర్ర ఒక్క తావున నిలవలేదు. నెలరోజులకే రాయిస్తే, మంచంలో ఉన్న చెల్లెలిని విడిచి వస్తుందా? రాకపోతే ఆ సీటు ఖాళీ. ఆరు నెలలకు రాయిస్తే, అన్నాళ్ళు ఆమె ఉండాలి, నేనూ ఉండాలి. దగ్గర తేదీ అయితే వస్తుందో రాదో త్వరగా తెలిసిపోతుంది. త్వరగా తెలియడం మంచిదా? పాల్వంచ వచ్చేసరికి నెలరోజులే అనుకున్నాను. దిగుతూ కాదనుకున్నాను. శ్రీధర్ కొట్టు మెట్లెక్కుతూ మళ్ళీ నెలరోజులే అనుకున్నాను.

కొట్లో కరెంటు లేదు. థర్మల్ కేంద్రం పెట్టి దేశానికంతా కరెంటు పంపే ఊళ్ళో కరెంటు లేదని శ్రీధర్ తిడుతున్నాడు. కంప్యూటరు పనిచేయకపోతే హైదరాబాదు ఆయనకే ఫోన్ కలిపాడు. పేరూ, పాస్‌పోర్టూ అన్నీ చెప్పాడు. తర్వాత ఫోను చెవి నుంచి తీసి నా వైపు తిరిగాడు.

"రాను తేదీ చెప్పు పెద్దమ్మా. ఆయన లైన్ల ఉన్నడు. మల్ల సీటు పోతది."

నెలరోజులన్న మాట నాలుక మీదికి వచ్చింది. అప్పుడు, ఎన్నడూ చూడని ఆ చెల్లెలు గుర్తుకొచ్చింది. మార్తమ్మ లోపల అడుగు పెట్టగానే ఆమె అడిగే మొదటి మాట ఏమిటో నాకు తెలుసు. మా అక్క వచ్చినప్పుడల్లా చెప్పులు విడవకముందే నేను అడిగిన మాటే అది.

"ఆరు నెలలల్ల ఆఖరి రోజు ఏదైతే గదే రాపియ్యి."

"గంత దూరమా? నిన్న పోనే వద్దన్నట్టు మొకం పెడితివి!"

"ఎప్పుడు పోతవని ఆడ గూడ ఒకామె అడుగుతది గదా బిడ్డా. ఇంక చాన దినాలున్నయని మార్తమ్మను జర నిమ్మళంగ చెప్పుకోనియ్యి."

శ్రీధర్ నా వైపు వింతగా చూసి, ఫోనులో ఆ తేదీ చెప్పేశాడు. నేను చేసింది తప్పో ఒప్పో అడుగుదామనుకున్నాను. కానీ అతనికి మాత్రం ఏం తెలుసు?

కరెంటు వచ్చాక శ్రీధర్ తీసిచ్చిన టికెట్టు కాగితం సాయంత్రం మార్తమ్మ చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకొని పోయే వరుస చదివింది. కిందికి వచ్చి, వచ్చే వరుస దగ్గర వేలు ఆపింది.

"గంగా, వచ్చేటప్పుడు గూడ పండవెడతరా?"

"అవ్. రెండు దిక్కులా గంతేనని శ్రీధర్ చెప్పిండు."

"సరే అయితే" అని కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. కాసేపటికే నిద్రపోయింది.

ఆ 'సరే' వస్తాననా, లేక కాగితం బాగుందనా? అడగడానికి మంచం దాకా పోయాను. దుప్పటి సర్ది వెనక్కి వచ్చాను.